పచ్చగా కనిపించిన టెస్టు

సాఫ్ట్‌వేర్ కంపెనీలో, ప్రోగ్రాం సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే టెస్టులు రాసే ఆమెకు ఆ వారం అప్పగించిన పని చిన్నదే. ఆ టెస్టుల్ని నడిపే టెస్టింగ్ లైబ్రరీని కొత్త వెర్షన్‌కి మార్చాలి. మార్చి నడిపేసరికి, అన్నీ పాసై ఎప్పుడూ పచ్చగా ఉండే తెర నిండా ఎరుపే. చాలావాటిలో మారింది లైబ్రరీ వాడే పేర్లే కనుక మధ్యాహ్నానికల్లా సర్దేసింది. ఒక్కటి మాత్రం మొండికేసింది. క్లినిక్‌లో అపాయింట్‌మెంట్ మారిస్తే రోగికి కొత్త టైముతో మెసేజ్ వెళ్తోందా అని చూసే టెస్టు అది.

తప్పు లైబ్రరీదే అనుకుని ఆ టెస్టును పక్కన పెట్టేయబోయింది. మనసొప్పక, మళ్లీ మొదటినుంచి చదివింది. మెసేజ్ వచ్చేదాకా ఆగమని తను రాయనే లేదు. పాత లైబ్రరీ ఆగకుండా, ఏమీ సరిచూడకుండానే పాసైందని చెప్పేది. కొత్తది ఒప్పుకోవడం లేదు. ఆగమని రాసి నడిపితే, వెళ్తున్నది పాత టైమేనని తేలింది.

ఆమెకు వదిన గుర్తొచ్చింది.

వదిన తమ కంపెనీ సాఫ్ట్‌వేరే వాడే ఓ క్లినిక్‌లో రిసెప్షనిస్టుగా చేసేది. టైము మార్చినా రోగులు పాత టైముకే వచ్చి తన మీద విరుచుకుపడుతున్నారని ఓ ఆదివారం భోజనాల దగ్గర వాపోయింది.

"మా టెస్టులన్నీ పాసవుతున్నాయి వదినా. కంగారులో నువ్వే సేవ్ నొక్కడం లేదేమో" అంది ఆమె.

పొయ్యి కట్టేయడమే మరిచిపోతుంది, ఇదో లెక్కా అని అన్నయ్య నవ్వాడు. వదిన లేచి గిన్నెలు తీసింది. కొన్నాళ్లకు డాక్టరు ఇందుకే అందరి ముందూ చీవాట్లు పెడితే ఉద్యోగం మానేసింది.

తప్పు దొరకబట్టినందుకు మేనేజరు మెచ్చుకుంటుంటే ఆమెకు తలెత్తబుద్ధి కాలేదు. సాయంత్రం నేరుగా అన్నయ్య ఇంటికి వెళ్లింది. వదిన ఇస్త్రీ చేస్తోంది. జరిగిందంతా చెప్పి, డాక్టరుగారితో తానే వచ్చి మాట్లాడతానంది.

"ఇప్పుడక్కడ వేరే అమ్మాయి ఉంది. రోగులు దాన్నీ తిడుతూనే ఉంటారు. ముందు దానికి చెప్పు" అంది వదిన. అన్నయ్య చొక్కా తిరగేస్తూ, "నువ్వన్నాక నాకూ అనుమానమొచ్చింది. ప్రతిసారీ సేవ్ రెండుసార్లు నొక్కేదాన్ని. ఇంటికొచ్చాక కూడా నొక్కానో లేదో అనే ఆలోచనే" అంది.

అన్నయ్య వచ్చాక అతనికీ చెప్పింది. "పోనీలే, ఇప్పుడు ఇంటిపట్టున హాయిగానే ఉందిగా" అన్నాడు. వదిన ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, అతని చొక్కాను సగంలో వదిలేసి లోపలికెళ్లింది.