కాన్పుగదికి కట్టిన రిబ్బను

దేవమణికి భయపడటమే ఉద్యోగం. కూతురు పరిమళకు నెలలు నిండాక ఒక్కపూట కూడా సెలవు పెట్టలేదు. బిడ్డ అడ్డం తిరుగుతుందని, కరెంటు పోతుందని, ఆటో టైరు పేలుతుందని వణికింది. ఆసుపత్రికే పుట్టినరోజు చేస్తారని మాత్రం ఆమెకు తట్టలేదు.

నందిగామ దగ్గర వాళ్ళ పల్లెలోని మిషను ఆసుపత్రికి డెబ్బై అయిదేళ్ళు నిండాయి. రోగులుంటే ఫోటోలు బాగుండవని అందరినీ ఇళ్ళకు పంపేశారు. కాన్పుగదిలో పాత మంచం, ఇత్తడి గిన్నెలు పేర్చి, దానికి 'చరిత్ర గది' అని పేరు పెట్టి, గుమ్మానికి ఎర్ర రిబ్బను కట్టారు. ఈ సంగతి నొప్పులకు ఎవరూ చెప్పినట్టు లేదు. సరిగ్గా ఆ పొద్దున్నే మొదలయ్యాయి.

రిబ్బను కత్తిరించాల్సిన ముఖ్య అతిథి కీసరలో దండలు వేయించుకుంటున్నారు. డాక్టరుగారు ఆయనకు ఎదురెళ్ళారు. ఉత్సవ కమిటీ పెద్ద జగన్నాథరావుగారు మైకు పట్టుకుని, తమ తాతగారు పేదల మీద జాలితో ఈ భవనం కట్టించారని చెబుతున్నారు.

ఆ జాలి పల్లెకు బాగా తెలుసు. అప్పట్లో పట్నం ఆసుపత్రిలో అంటరానివాళ్ళను గడప తొక్కనిచ్చేవారు కాదు. బయటే కూర్చోబెట్టి, దోసిట్లో పైనుంచి మందు పోసేవారు. అందుకే పల్లె ఆడవాళ్ళు పొలం పని దిగి వస్తూ తలా ఒక రాయి మోసుకొచ్చారు. వాళ్ళలో దేవమణి అమ్మమ్మా ఉంది. తాతగారు మాత్రం సున్నం కలపడానికి తన బావి నీళ్ళు తోడనివ్వలేదు. ఆయన ఉపకారం అంతవరకే.

ఆసుపత్రి వరండా దాకా వచ్చిన పరిమళ గోడ పట్టుకుని వంగిపోయింది. జగన్నాథరావుగారు మైకు పక్కన పెట్టి, కావాలంటే కారు ఇస్తాను, జగ్గయ్యపేట తీసుకుపొమ్మన్నారు. దేవమణికి అప్పుడే హైవే, లారీలు, నడిరోడ్డు మీద కాన్పు, అన్నీ కళ్ళకు కట్టాయి. నర్సు ఉషశ్రీ పరిమళను చూసి, ఇక కదిలించడం కుదరదంది.

"కాసేపు ఆగలేరా? ఆయన కీసర దాటారంట," అన్నారు జగన్నాథరావుగారు.

"నేను చెబితే నా కూతురు ఆగుద్దేమోనండి. కడుపులో ఉన్నోళ్ళు మీ కమిటీలో లేరుగా," అంది దేవమణి.

అన్నాక తనకే భయమేసింది. అయినా అతిథి కోసం పళ్ళెంలో పెట్టిన కత్తెర తీసి రిబ్బను కత్తిరించేసింది. చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక కమిటీ వాళ్ళు నిలబడిపోయారు.

అతిథి వచ్చేసరికి లోపల మనవరాలు ఏడుస్తోంది. డాక్టరుగారు ఒక్కరే లోపలికి పరుగెత్తారు. గుమ్మానికి కొత్త రిబ్బను కడతామని, ఫోటో కోసం అయిదు నిమిషాలు గది ఖాళీ చేయమని జగన్నాథరావుగారు బయటినుంచి ఎంతో మర్యాదగా అడిగారు.

"పచ్చి బాలింతండి. బయటోళ్ళని రానివ్వం," అంది దేవమణి తలుపు సందులోంచి. "కావాలంటే కిటికీ దగ్గర నిలబడండి."

మర్నాడు పేపర్లో ఫోటో బాగానే వచ్చింది. ముఖ్య అతిథి, జగన్నాథరావుగారు కిటికీ ఊచలు పట్టుకుని నవ్వుతున్నారు. వాళ్ళ వెనక, కిటికీలోంచి దేవమణి వీపు ఒక్కటే పడింది.