ఊరి గేటు దాకా

కూతురు శైలశ్రీ జ్వరంతో పోయి నెల దాటింది. ఆదివారం పొద్దున, నారాయణఖేడ్ బడిలో లెక్కలు చెప్పే ప్రభులింగ్ ఆమె కంప్యూటర్‌లో ఆమెకిష్టమైన ఆట తెరిచాడు. ఆ ఆటలో మొదటి ఊరు దాటడం అతని వల్ల ఎన్నడూ కాలేదు. ఎదురైన ప్రతివాళ్ల పనీ వరసగా చేసిపెట్టి, విసిగి లేచిపోయేవాడు.

“గిది పరీక్ష పేపరా అప్పా? అన్నీ రాయాల్నా? ఇడిసిపెట్టి గేటు దాటు. అసలు ఆట దాటినంకనే షురూ అయితది,” అని శైలశ్రీ నవ్వేది.

ఈసారి బావి దగ్గర ముసలమ్మ పిలిచినా అతను ఆగలేదు. గేటు దాటాడు. కొండలు, ఏరు, నాలుగు దిక్కులా దారులు కనిపించాయి.

“దాటిన, బిడ్డా,” అన్నాడు పక్కనున్న ఖాళీ కుర్చీతో. “ఇగ ఎటు పోవాలె?”

అతను అక్కడిదాకా ఎన్నడూ రాలేదు గనక, గేటు అవతలి సంగతులు ఆమె చెప్పనే లేదు.