సున్నా కంటే తక్కువ వయసు

మందు ఎక్కించే పంపు మొండికేసింది. తెర మీద "చెల్లని వివరాలు" అని చూపిస్తోంది, అంతే. ఏ వివరం చెల్లదో చెప్పదు. వివరాలు మూడుసార్లు కొట్టాను, మూడుసార్లూ అదే పాట. అద్దాల పెట్టెలో నెలలు నిండని పాప ఆగి ఆగి ఊపిరి తీస్తోంది. ఈ మందు వెళ్తేనే ఆ ఊపిరి కుదుటపడేది. వాళ్ళమ్మ నా వెనకే నిలబడింది. డ్యూటీ నర్సుని నేను, కాలుకాలిన పిల్లిలా పెట్టెకీ కంప్యూటరుకీ మధ్య తిరుగుతున్నాను.

ఆ పంపుని నడిపే ప్రోగ్రాం రాసిన మహానుభావుడు మా తమ్ముడే. ఇదే ఆసుపత్రి పైఅంతస్తులో కూర్చుంటాడు. ఫోన్ చేశాను.

"ఏం కొట్టావక్కా?"

"కాన్పు కావాల్సిన తేదీకి ఇంకా రెండున్నర నెలలుంది. పాప మొన్ననే పుట్టేసింది."

వాడు కీబోర్డు టకటకలాడించాడు. "ఆ తేదీ నుంచే వయసు లెక్కేస్తుంది. సున్నా కంటే తక్కువొస్తే ఆపేయమని రాశా. అంత తక్కువ వయసు ఎవరికుంటుందిలే అనుకున్నా."

"నా ఎదురుగా ఉంది. నీ చెకింగులన్నీ పీకి పారేయ్. పంపు నడిస్తే చాలు."

"అన్నీ తీయను. దీన్నొక్కదాన్ని సరిచేస్తా. ఏది తప్పో చెప్పేలా కూడా రాస్తా. కాస్త ఓపిక పట్టు."

"ఓపిక ఉండాల్సింది నాకు కాదు, పాపకి."

వాడు ఫోన్ పెట్టేశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. చిన్నప్పటి నుంచీ అంతే, వాడు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. పాప ఛాతీ వైపే చూస్తూ వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను.

ఫోన్ మోగింది. "ఇప్పుడు కొట్టు."

గబగబా కొట్టాను. మళ్ళీ ఆగింది. వాణ్ణి కడిగేద్దామని నోరు తెరిచి, తెర మీది మాటలు చదివాను: "బరువు పన్నెండు కిలోలు అని ఉంది. నెలలు నిండని పాపకు అంత బరువు ఉండదు. పాయింటు పెట్టడం మరిచారేమో చూడండి."

పాప బరువు ఒకటి పాయింటు రెండు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. వాడు నా మాట విని చెకింగులన్నీ తీసేసి ఉంటే, మందు పదింతలు వెళ్ళేది.

"ఏమైందమ్మా?" అంది తల్లి.

ఏమీ లేదని దాటేద్దామనే అనిపించింది. కానీ చెప్పేశాను. "కంగారులో బరువు తప్పు కొట్టాను. మందు పది రెట్లు ఎక్కువ వెళ్ళేది. మిషన్ ఆపింది."

ఆమె పక్కకి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. నేను మళ్ళీ కొట్టిన ఒక్కో అంకెనూ, పాయింటుతో సహా, పైకి చదివింది. ఆ తర్వాతే, పంపు మీట నొక్కడానికి, నా చెయ్యి వదిలింది.