చెప్పని వాన

మొగుడు చిన్నస్వామి పెద్దకర్మ ముగిసిన మర్నాడు, చుట్టాలు వెళ్ళిపోయాక, పంకజానికి ఆ సంగతి తోడికోడలి నోటి వెంట తెలిసింది.

హేమమాలిని ఓదార్పుగానే అన్నది. గోడల మీద నడుమెత్తున మిగిలిన బురద చారను గీకుతూ, "అత్తమ్మయినా దక్కింది గదా అక్కా. మా అమ్మావాళ్ళకి గూడా ఈయన ఫోన్ చేసినాడు. వ్యాసర్పాడికి నీళ్ళొస్తాయి, సామాను అటకెక్కించి మా ఇంటికి వచ్చేయండి అన్నాడు. మీకూ చెప్పే ఉంటాడు. బావ వినుండడు," అన్నది.

పంకజం చేతిలో చీపురు ఆగింది. "ఎప్పుడు చేసినాడు?"

"శుక్రవారం మధ్యాన్నం."

మరిది విజయకుమార్ వాన సూచనలు తయారుచేసే ఆఫీసులో పనిచేస్తాడు. ఊరూరి నుంచి వచ్చే గాలి, వాన లెక్కలు పటం మీదికి ఎక్కించి, నెల్లూరు మొదలు కడలూరు దాకా ఏ వైపు ఎంత పడవచ్చో పైవాళ్ళకు చెప్పడం అతని పని. రేడియోలో వచ్చేది మాత్రం ఏటా వినే మాటే. కోస్తా జిల్లాల్లో కొన్ని చోట్ల భారీ వర్షాలు. ఆ కొన్ని చోట్లు ఎక్కడో వినేవాళ్ళే ఊహించుకోవాలి.

ఆ శుక్రవారం సాయంత్రం అతను ఆటోలో పెరంబూరులోని అన్నగారింటికి వచ్చి తల్లి వాసవాంబను తన ఇంటికి తీసుకుపోయాడు. శుక్రవారం దీపాలవేళ పెద్దామెను గడప దాటించడం ఆ ఇంట్లో లేదు. వాసవాంబ గొణిగింది. "మా పాపకి ఒళ్ళు బాగలేదు, నువ్వుంటే ధైర్యం" అని అతను తొందరపెట్టాడు. భుజాన గుడ్డసంచీ వేసుకుని అంబత్తూరు ఫ్యాక్టరీకి రాత్రి షిఫ్టుకు సైకిలు మీద బయల్దేరబోతున్న చిన్నస్వామి తమ్ముణ్ణి చూసి నవ్వాడు.

"ఏంరా, వాన పంపిస్తా ఉండావా? అట్లయితే పంకజం, బట్టలు దండెం మీదనే ఉండనీ. ఎండ బాగా కాస్తాది."

రెండేళ్ళ కిందట విజయకుమార్ తుపాను వస్తుందని చెప్తే, సామానంతా మేడమీద వాళ్ళింటికి మోశారు. చినుకు రాలలేదు. అప్పటినుంచీ పెళ్ళికి పోయినా, పేరంటానికి పోయినా, చిన్నస్వామికి అదే వేళాకోళం. ఆ సాయంత్రం పంకజం కూడా నవ్వింది. విజయకుమార్ మాత్రం నవ్వలేదు. "పోయొస్తాం అన్నా" అని ఆటో ఎక్కాడు.

ఆ రాత్రే వాన పడి కాలవలు పొంగాయి. రైలు వంతెన కింది దారిలో చిన్నస్వామి సైకిలు దొరికింది. మనిషి ఆదివారం దొరికాడు.

పంకజం చేతులు కడుక్కుని బయటికి వచ్చింది. విజయకుమార్ మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

"నీకు తెలుసు," అన్నది.

అతను తలెత్తలేదు. "ఖాయంగా తెలీదు వదినా. పడమట చెరువులన్నీ నిండిపోయుండాయి. ఇంకో వాన పడితే కాలవలు ఒక్కసారిగా పొంగుతాయని మాత్రం తెలుసు."

"మీ అత్తగారికి ఫోన్ చేసేంత తెలుసు."

"వాళ్ళు నన్నెప్పుడూ ఎగతాళి చెయ్యలేదు." ఆ మాట అన్నాక అతనికే భయం వేసినట్టుంది. గొంతు తగ్గించాడు. "ఈ తూరి గూడా పడకపోతే అన్న నన్ను నలుగురిలో తలెత్తుకోనిస్తాడా? ఇంట్లోకి నీళ్ళొస్తాయి, సామాను తడుస్తాది, అప్పుడు తెలిసొస్తాది అనుకున్నా. అంతే అనుకున్నా వదినా. దోవలో నీళ్ళు అట్లా వస్తాయని అనుకోలేదు."

"షిఫ్టుకి పొయ్యే సంచీ ఆయన భుజాన ఉన్నింది. చూసినావు."

వీధిలో ఎవరో తడిసిన పరుపు ఎండేసి కర్రతో కొడుతున్నారు. అతను అటు తిరిగాడు.

"అమ్మకి చెప్పబాక," అన్నాడు. "అమ్మవారే తనని గడప దాటించి కాపాడింది అంటా ఉండాది. నిజం తెలిస్తే తట్టుకోలేదు."

అంతవరకూ అత్తకు చెప్పాలన్న ఆలోచన పంకజానికి రాలేదు. ఆ ముసలిప్రాణానికి ఆ నమ్మకమైనా మిగలనీ అనే అనుకుని ఉండేది. కానీ అతను ఇప్పుడు తన మౌనంలో ఆమెనూ పాలు పంచుకోమంటున్నాడు. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషిని, ఆ పోగొట్టిన మౌనానికే కాపలా ఉండమంటున్నాడు.

ఆమె లోపలికి నడిచింది. మంచం మీద వాసవాంబ కళ్ళు తెరిచింది.

"ఎవురమ్మా బయట? చిన్నోడా? ఏమంటాడు?"

"నీతో చెప్పాల్సింది ఉండాది అత్తా."

పంకజం వాకిలి వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"లోపలికి రా విజయా. కూర్చోని చెప్పు."

వాసవాంబ కాళ్ళు ముడుచుకుని, కొడుకు కూర్చోవడానికి మంచం మీద చోటు చేసింది.