ఇరవై రెండు ఊపిర్లు

రవాణా ఆఫీసు వెనక వరండాలో, మూడో నంబరు కిటికీ దగ్గర, ప్రతి నెలా మొదటి మంగళవారం క్యూ ఉంటుంది. ఆ క్యూలో వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోరు. అందరి చేతుల్లోనూ అరచేతిలో ఇమిడే నల్ల డబ్బా ఒకటి ఉంటుంది కాబట్టి, ఎవరు ఏం వెలగబెట్టి వచ్చారో వేరే చెప్పక్కర్లేదు. తాగి బండి నడుపుతూ రెండోసారి దొరికినవాళ్ళకి కోర్టు తగిలించే డబ్బా అది. స్టీరింగు పక్కనే బిగిస్తారు. రోజూ మొదటిసారి బండి తీసేటప్పుడు దాని గొట్టంలోకి ఊదాలి. ఊపిరిలో మందు లేకపోతే బండి స్టార్టవుతుంది, ఉంటే మొరాయిస్తుంది. నెల తిరిగేసరికి డబ్బా ఊడదీసి తెచ్చి కిటికీలో ఇవ్వాలి.

కిటికీ అవతల ఊపిరి గుమాస్తా కూర్చుంటుంది. కళ్ళజోడు మెడలో వేలాడేసుకునే పెద్దావిడ, రిటైర్మెంటుకి ఇంకా నాలుగేళ్ళుంది. డబ్బా మూత తీసి, లోపలి ఊపిర్లని ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకుని వింటుంది. మనిషి ఊదే ముందు ఏ మాట మింగేస్తాడో ఆ మాట ఊపిరిలో ఉండిపోతుంది కదా, అది విని, ఊదింది బండిగల మనిషేనా కాదా అని రిజిస్టర్లో రాస్తుంది. "ఆరో తారీకు, ఏడున్నర. మా అత్తగారు ఇంకెన్నాళ్ళుంటుందో. సొంత ఊపిరే." బేకరీ అతని డబ్బా వినడానికి గంట పడుతుంది. ప్లీడరుగారిది ఐదు నిమిషాల్లో తేలిపోతుంది, ఆయన మింగే మాటలు చాలా తక్కువ. నిద్రమత్తులో ఊదిన ఊపిర్లలో ఏమీ ఉండదు. అలాంటివాటికి "ఖాళీ" అని రాసి వదిలేస్తుంది.

ఆ మంగళవారం క్యూలో లిఫ్టు మెకానిక్ నిలబడి ఉన్నాడు. పొద్దున్నే చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయింది.

పనిలో అతనికి వంక పెట్టలేం. మోటారు గదిలోకి అడుగు పెట్టి, ఒక్కసారి తీగ కదిలే చప్పుడు వింటే చాలు, ఏ బేరింగు అరిగిందో చెప్పేస్తాడు. చిక్కంతా మందుతోనే. మొదటిసారి దొరికినప్పుడు జరిమానా కట్టించుకుని, ఆరునెలలు లైసెన్సు ఆపేశారు. "అందరూ తాగుతారు, నేను దొరికాను, అంతే" అన్నాడు అప్పట్లో, పెద్ద మొనగాడిలా. రెండోసారి వ్యాన్ని తీసుకెళ్ళి స్కూలు ప్రహరీకి గుద్దాడు. ఆదివారం కాబట్టి సరిపోయింది. నెల రోజులు జైల్లో పెట్టి, ఏడాదిపాటు లైసెన్సు లాక్కుని, తిరిగి ఇచ్చేటప్పుడు రెండేళ్ళకి ఈ డబ్బా తగిలించారు. జడ్జిగారు కళ్ళజోడు పైనుంచి చూస్తూ చదివి వినిపించింది అతనికి కంఠతా వచ్చు: మూడోసారైతే రెండేళ్ళు జైలు, లైసెన్సు ఇక జన్మలో రాదు, ఇంకొకరి చేత ఊదిస్తే అదీ మూడోసారి కిందే లెక్క.

ఆ నెల రోజులూ అతను ట్రైనింగుకి వెళ్ళాడని భార్య ఇరుగుపొరుగుకి చెప్పుకుంది. ఎవరూ నమ్మలేదు, కానీ ఎవరూ అడగనూ లేదు. అది ఇంకా సిగ్గుచేటు అనిపించింది ఆవిడకి.

కొన్నాళ్ళు బుద్ధిగానే ఉన్నాడు. తర్వాత సాయంత్రాలు స్నానాల గదిలో, బట్టల బుట్ట వెనక ఒక సీసా పెట్టుకోవడం మొదలెట్టాడు. రాత్రి తాగింది పొద్దుటికి దిగిపోతుందిలే అనుకున్నాడు. దిగలేదు. కిందటి నెల మొదటి రోజు పొద్దున్నే, ఆస్పత్రిలో లిఫ్టు ఆగిపోయిందని ఫోనొచ్చింది. వ్యానెక్కి ఊదితే ఎర్ర లైటు వెలిగింది. నోరు కడుక్కొచ్చి ఊదాడు. మళ్ళీ ఎర్ర లైటే. భార్య నర్సు, తెల్లారకుండానే డ్యూటీకి వెళ్ళిపోయింది. పక్క సీట్లో పన్నెండేళ్ళ కూతురు స్కూలు సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దాన్ని పిట్ట అంటాడు.

"పిట్టా, ఈ ఒక్కసారికీ నువ్వు ఊదవే. అవతల పేషెంట్లు ఇరుక్కుపోయారు."

పిట్ట ఊదింది. వ్యాను స్టార్టయింది.

గుమాస్తా వింటే పట్టుబడనా అని అతనికి ఆలోచన రాకపోలేదు. వచ్చింది. కానీ దానికో జవాబు తయారు చేసుకున్నాడు. పన్నెండేళ్ళ పిల్లకి మింగే మాటలేముంటాయి? పొద్దస్తమానం నోటికొచ్చింది వాగుతూనే ఉంటుంది కదా! దాని ఊపిరి ఖాళీగా వస్తుంది, ఆవిడ నిద్రమత్తు కింద రాసుకుని వదిలేస్తుంది. ఇదీ అయ్యగారి తెలివి. కన్నకూతురి గురించి ఇంతకంటే తక్కువ తెలిసిన తండ్రిని నేనైతే చూడలేదు.

ఒక్కసారి అన్నది రెండయింది, నాలుగయింది. నెలాఖరుకి స్కూలున్న ప్రతిరోజూ పిట్టే ఊదింది, సెలవురోజుల్లో వ్యాను కదల్లేదు.

కిటికీలో గుమాస్తా మొదటి ఊపిరి తీసి చెవి దగ్గర పెట్టుకుంది. కలం ఆగిపోయింది. ఇంకోటి తీసింది. అప్పుడు కళ్ళజోడు తీసేసి అతన్ని చూసింది. కిటికీ రెక్క మూసి, పదిన్నరకే "భోజన విరామం" బోర్డు తగిలించి, పక్క తలుపు తీసింది.

"లోపలికి రా తమ్ముడూ."

ఆ పిలుపుకి కారణముంది. మూడేళ్ళ కిందట ఆవిడ తన అపార్టుమెంటు లిఫ్టులో, నాలుగో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య రెండు గంటలు ఇరుక్కుపోయింది. అసలే గుండె జబ్బు మనిషి. తలుపు సందులోంచి వాగుడుకాయలా కబుర్లు చెబుతూ, ఆవిడ్ని నవ్విస్తూ బయటికి లాగింది ఇతనే. అప్పట్నుంచీ అక్కా తమ్ముడూ అని పిలుచుకుంటారు.

లోపల కుర్చీ చూపించినా అతను కూర్చోలేదు.

"అక్కా, మీ కాళ్ళు పట్టుకుంటాను. రెండేళ్ళక్కా! ఉద్యోగం పోతుంది. మా ఆవిడకి మొహమెలా చూపించను? మందు మానేస్తాను, ఒట్టు."

"నోర్ముయ్, కిటికీ అవతలకి వినపడుతుంది" అంది గుమాస్తా. తర్వాత గొంతు తగ్గించింది. "డబ్బా కారిపోయింది, ఊపిర్లు నిలవలేదు అని రాస్తాను. అప్పుడప్పుడు అలా జరుగుతుంది, ఎవరూ అడగరు. ఆ రోజు నువ్వు లేకపోతే నేను ఆ పెట్టెలోనే పోయేదాన్ని. కానీ పారబోసేముందు ఇవన్నీ నువ్వు వినాలి. నేనొక్కదాన్నే విని ఇంటికి వెళ్ళి అన్నం తినలేను."

అంతేనా, అనుకున్నాడు. ప్రాణం లేచొచ్చింది. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

ఆవిడ మొదటిది అతని చెవి దగ్గర పెట్టింది. పిట్ట గొంతే, పక్కనే కూర్చుని గుసగుసలాడినట్టు: *నాన్న చెయ్యి వణుకుతోంది.*

రెండోది: *అమ్మకి చెప్పొద్దన్నాడు. అమ్మే అడిగితే ఏం చెప్పాలి?*

నాలుగోది: *బస్సులో పోతానంటే కోప్పడతాడేమో.*

ఐదోది: *మలుపు దగ్గర కళ్ళు మూసుకుంటా. బెల్టు రెండు చేతుల్తో పట్టుకుంటా.*

"చాలక్కా" అన్నాడు.

"ఇంకా పదిహేడున్నాయి."

ఎనిమిదోది: *నేను ఊదకపోతే ఆస్పత్రిలో వాళ్ళు చచ్చిపోతారా?* ఆ రోజు ఆస్పత్రి పనే లేదు. ఊరికే తొందరపెట్టడానికి అలా అన్నాడు. తలెత్తి ఆవిడ్ని చూడలేకపోయాడు. పదకొండోది: *నా నోరు కూడా వాసనొస్తుందా? రేపట్నుంచి వేరే బెంచీలో కూర్చోవాలి.*

పన్నెండు, పదమూడు వింటూ ఏడ్చాడు. గుమాస్తా ఓదార్చలేదు. ఇంకోటి తీసి పెట్టింది.

పదిహేనో ఊపిరి నుంచి ఏదో మారింది. మొదట్లో అతనికి అర్థం కాలేదు. *తెలుగు నోట్సు తెచ్చానా లేదా.* తర్వాతది: *ఇవాళ ఆటల పీరియడు ఉంది.* పంతొమ్మిదోది: *కొత్త రబ్బరు కొనమని నాన్నని అడగాలి.* వణికే చెయ్యి లేదు, మలుపు లేదు, అమ్మ లేదు. చివరి మూడు ఊపిర్లూ అలాంటివే. ఒక పిల్ల పొద్దున్నే వ్యానెక్కి, గొట్టంలో ఊది, రబ్బరు గురించి ఆలోచించుకుంటోంది.

"ఈ చివరివి బాగానే ఉన్నాయి కదక్కా?" అన్నాడు ఆశగా. "భయం తగ్గింది కదా?"

గుమాస్తా అతని వంక జాలిగా చూసింది. "అలవాటు పడిపోయింది తమ్ముడూ."

భయపడ్డ ఊపిర్లు విన్నప్పుడు ఏడుపొచ్చింది. ఈ రబ్బరు ఊపిరికి ఏడుపు కూడా రాలేదు. నెల రోజుల్లో తాగుబోతు పక్కన కూర్చోవడం నేర్పేశాను, అనుకున్నాడు. ఎంత చక్కగా నేర్చుకుందో! లెక్కల్లో వెనకబడింది కానీ ఇందులో ఎక్కడా వెనకబడలేదు. ఇంకో రెండు నెలలైతే తను అడగక్కర్లేదు, ఎక్కగానే అదే ఊదేసి బెల్టు పెట్టుకుంటుంది.

ఆవిడ రిజిస్టరు తెరిచి, "డబ్బా కారిపోయింది" అని రాయబోయింది.

"వద్దక్కా. ఉన్నది ఉన్నట్టు రాయండి."

"ఏం రాయమంటున్నావో తెలుసా? రెండేళ్ళు!"

"తెలుసు."

"పిల్ల కోసమైనా ఆలోచించుకో. మందు మానేస్తానంటున్నావు కదా."

"ఇప్పటికి మూడుసార్లు మానేశానక్కా. మీరు కారిపోయింది అని రాస్తే, రేపు మళ్ళీ దాన్నే ఊదమంటాను. నా సంగతి నాకు తెలుసు." "ఊదింది ఎవరని రాస్తారు? దాని పేరు ఎక్కుతుందా?"

"మైనరు. 'తండ్రి ఊదించాడు' అని రాస్తాను."

"అలాగే రాయండి."

ఆవిడ రాసింది. ఇరవై రెండు వరసల్లోనూ అదే మాట రాసింది, అతను పక్కన నిలబడి చదివాడు.

భార్యకి ఆ సాయంత్రమే చెప్పాడు. ఆవిడ అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి ఒక బూటు విప్పింది, రెండోది విప్పకుండా మంచం అంచు మీద అలాగే ఉండిపోయింది. అరుస్తుందనుకున్నాడు. అరిస్తే బాగుండుననుకున్నాడు.

"నన్ను అడగలేదేం?" అంది. "నన్ను ఊదమని అడిగి ఉంటే చెంప పగలగొట్టేదాన్ని. అందుకేగా దాన్ని అడిగావు!"

అవును. అందుకే.

కోర్టులో పావుగంట కూడా పట్టలేదు. రెండేళ్ళన్నారు. లైసెన్సు ముక్కలుగా కత్తిరించి పళ్ళెంలో వేశారు. వ్యాను స్వాధీనం చేసుకున్నారు. ఇంటి సంగతులు చూసుకోవడానికి మూడు రోజులు గడువిచ్చి, గురువారం పొద్దున తొమ్మిదికల్లా జైలు దగ్గర హాజరవ్వమన్నారు.

గురువారం పొద్దున పిట్టని స్కూలు బస్సెక్కించి వెళ్తానన్నాడు. ఇద్దరూ నడిచారు. బస్సు స్టాపులో నలుగురైదుగురు పిల్లలు, ఇద్దరు తల్లులు ఉన్నారు. తల్లులు అతన్ని చూసి పక్కకి జరిగారు. కూతురి ముందు అలా జరగడం అతను భరించాల్సి వచ్చింది.

"నేను ఊదినందుకేనా నాన్నా?" అంది పిట్ట.

"కాదు తల్లీ. నేను ఊదమన్నందుకు."

అది సంచి పట్టీ బిగించుకుంది. తర్వాత పైకే అనేసింది, పక్కనున్న తల్లులకి వినపడేలా: "నాకు చాలా భయమేసేది."

"తెలుసమ్మా."

"నేను చెప్పలేదుగా!"

"ఆఫీసులో వినిపించారు. నువ్వు మింగేసినవన్నీ విన్నాను."

పిట్ట మొహం ఎర్రబడింది. తల్లులు, పిల్లలు, బస్సు వచ్చే దారి, అన్నిటి వంకా చూసి చివరికి అతన్ని చూసింది.

"పక్కనే కూర్చున్నాను కదా" అంది. "నా మొహం చూస్తే తెలియలేదా?"

బస్సు మలుపు తిరిగి వస్తోంది. ఏదైనా చెప్పి తప్పించుకోవచ్చు, ఇంకా అంత టైముంది. అతనికి అలాంటి మాటలు బోలెడు వచ్చు.

"చూడలేదమ్మా" అన్నాడు. "ఒక్కరోజు కూడా నీ మొహం చూడలేదు."