పన్నెండు వరుసల కబుర్లు

మా ఊరి కబుర్లను జిల్లా వారపత్రికకు రాసి పంపేది మా అమ్మ. ఎవరింటికి ఎవరు కాఫీకి వెళ్లారు, ఎవరి ఆవు కవలల్ని ఈనింది, ఎవరి చెల్లెలు ఏ ఊరినుంచి వచ్చి ఎన్నాళ్లుంది, ఇలాంటివే. సోమవారం సాయంత్రం ఇంటింటికీ ఫోను చేసి కనుక్కునేది. మంగళవారం పొద్దున పాల డబ్బాలు తీసుకెళ్లే లారీ డ్రైవరు చేతికి ఆ కాగితం ఇచ్చేది. గురువారం పత్రిక వచ్చేది. లోపలి పేజీలో "హాస్కెల్ కార్నర్" అని మా ఊరి పేరు, దాని కింద కబుర్లు, అన్నిటికంటే కింద చిన్న అక్షరాల్లో "మిసెస్ సెల్మా రూస్టాడ్" అని అమ్మ పేరు ఉండేవి. పదకొండేళ్లుగా ఇదే వరస.

ఈ ఏడు మాత్రం కబుర్లు పలచబడిపోయాయి. కొంత కాఫీ వల్ల. చలికాలంలోనే పౌండు కాఫీ పొడి ధర డాలరు దాటింది. ఇంటికొచ్చిన మనిషిని కాఫీ ఇవ్వకుండా పంపడం మా ఊళ్లో ఎవరికీ చేతకాదు. అవతలివాళ్లకు ఆ ఖర్చు పెట్టించడం ఇష్టంలేక మనుషులే వెళ్లడం తగ్గించారు. మిగిలింది టెలివిజను వల్ల. మొదట రోడ్డు మలుపు దగ్గరున్న బ్రెక్కె వాళ్లొక్కరే కొన్నారు. అప్పుడు ఊరంతా వాళ్లింట్లోనే ఉండేది, అమ్మకు రాయడానికి చోటు చాలేది కాదు. తర్వాత ఒక్కొక్కరే వాయిదాల మీద కొనుక్కున్నారు. ఇప్పుడు ఆదివారం భోజనాలు కాగానే ఎవరింట్లో వాళ్లు తెరలు దించుకుని కూర్చుంటున్నారు. మా ఇంట్లో లేదు.

మాకు కోళ్లున్నాయి. గుడ్ల ధర ఎంత పడిపోయిందంటే, అమ్మితే వచ్చేది దాణాకే సరిపోవడం లేదు. అందుకే అమ్మ మార్చి నుంచి టౌనులో గుడ్లు వేరుచేసే పనికి వెళ్తోంది. కిటికీలు లేని చీకటి గదిలో నిలబడి, ఒక్కొక్క గుడ్డునూ దీపానికి అడ్డంగా పెట్టి, లోపల నెత్తురు చుక్క ఉందో లేదో చూడాలి. ఇంటికి వచ్చేసరికి అమ్మ కళ్లు ఎర్రగా ఉంటాయి. వంటింట్లో లైటు వేస్తే చిట్లించుకుంటుంది. చేతిలో చెంచా ఉన్నా దాన్ని లైటుకేసి పట్టి చూస్తుంది, అలవాటుకొద్దీ.

ఒక శుక్రవారం పత్రిక నడిపే ప్రెస్కాట్ గారు ఫోను చేశారు. అమ్మ పనిలో ఉంది, నేనే తీశాను. పోయిన వారం హాస్కెల్ కార్నర్ నుంచి ఏడు వరుసలే వచ్చాయన్నారు. ఈసారి పన్నెండుకు తగ్గితే ఆ శీర్షిక తీసేస్తామనీ, టౌనులోని సామాన్ల దుకాణం వాళ్లు టెలివిజను ప్రకటనకు ఆ చోటు అడుగుతున్నారనీ అమ్మకు చెప్పమన్నారు. కోపంగా ఏమీ అనలేదు. మా నాన్న ఆవులు బాగున్నాయా అని కూడా అడిగారు.

సాయంత్రం అమ్మకు చెప్పాను. బంగాళాదుంపలు చెక్కుతోంది. "అలాగా," అని, చెక్కుతూనే ఉంది. బాధ ఎక్కువై మాట రాలేదనుకున్నాను. ప్రపంచంలో అచ్చులో అమ్మ పేరు కనిపించే చోటు అదొక్కటే మరి.

సోమవారం అమ్మ పనినుంచి వచ్చి, కోటు విప్పకుండానే వంటింటి బల్ల దగ్గర కూర్చుని, తల వాల్చి నిద్రపోయింది. నాన్న చప్పుడు చేయకుండా తిని పశువుల కొట్టంలోకి వెళ్లిపోయాడు. నేను సూపు గిన్నె మీద మూతపెట్టి నడవలోకి వెళ్లి, గోడకున్న ఫోను ముందు నిలబడ్డాను.

బడిలో పాఠం చదవమంటేనే నా గొంతు లోపలికి పోతుంది. ఫోనంటే ఇంకా భయం. మా తీగ మీద ఎనిమిది ఇళ్లున్నాయి. ఒకరికి గంట మోగితే ఎనిమిది ఇళ్లలోనూ మోగుతుంది. ఎన్నిసార్లు మోగిందన్నదాన్ని బట్టి అది ఎవరి గంటో అందరికీ తెలుసు, అయినా అందరూ తీస్తారు. తీసి, ఊపిరి బిగబట్టి వింటారు. మాట్లాడేవాళ్లకు టక్, టక్ అని తీసిన చప్పుళ్లు వినపడుతూనే ఉంటాయి. కానీ ఎవరూ ఎవరినీ ఏమీ అనరు. విన్నవాళ్లు మర్నాడు ఎదురుపడినా ఏమీ తెలియనట్టే ఉండాలి. మా ఊరి మర్యాద అది.

ఫోను పక్కనున్న పిడి తిప్పి బ్రెక్కె వాళ్ల గంట మోగించాను. గెర్డా బ్రెక్కె తీసింది. వెనకాలే టక్, టక్ అన్నాయి.

అమ్మ ఏదని అడిగితే నిద్రపోయిందని చెప్పాను. అన్నం వేళకే నిద్రా అని జాలిపడి, సరే ఆర్డిస్, నువ్వే అడుగు అంది. ఈ వారం మీరెక్కడికైనా వెళ్లారా అండీ అని అడిగాను.

"ఎక్కడికమ్మా? కోళ్లగూడు దాకా వెళ్లాను. తిరిగొచ్చాను. రాసుకో."

"మీ ఇంటికెవరైనా వచ్చారా అండీ?"

"టెలివిజను బాగుచేసేవాడు వచ్చాడు. వాడికి కాఫీ ఇవ్వలేదని రాయకు."

నాకు ఇంకేం అడగాలో తోచలేదు. ఫోను పెట్టేయడమూ చేతకాలేదు. అలా నిలబడలేక ఉన్నదంతా చెప్పేశాను. పన్నెండు వరుసలు కావాలనీ, లేకపోతే అమ్మ శీర్షిక తీసేస్తారనీ. చెప్పడం అయ్యాక తీగ మీద ఎవరి గడియారమో టిక్కుటిక్కుమంది. ఎవరింట్లోనో కుస్తీ పోటీ చూస్తున్నారు కాబోలు, జనం అరుపులు సన్నగా వినిపించాయి.

"తీసేయడానికి వాడెవడు?" అంది ఒక ముసలి గొంతు.

లీనా టోర్సన్. కొండవాలు మీద ఒంటరిగా ఉండే ఆవిడ. వింటూ వింటూ మధ్యలో నోరు విప్పినవాళ్లను నేను పుట్టాక చూడలేదు.

"లీనా, నువ్వు వింటున్నావా?" అంది గెర్డా, మెల్లగా.

"నేను మాట్లాడేటప్పుడు నువ్వేం చేస్తుంటావే? నీ గోడ గడియారం మోత నా చెవిలో ఎప్పట్నుంచో ఉంది. ముందు దానికి నూనె వేయించు." తర్వాత నాతో అంది, "పిల్లా, కాగితం తీసుకో. ఆదివారం లీనా టోర్సన్ బ్రెక్కె గారింటికి కాఫీకి వెళ్లింది."

"ఎప్పుడొచ్చావు నువ్వు?"

"రాలేదు. రాయమంటున్నాను."

గెర్డా ఒప్పుకుంది. "అలాగైతే కేకు కూడా పెట్టానని రాయి ఆర్డిస్. ఉత్త కాఫీ పోసి పంపానంటే జిల్లా అంతా నవ్వుతుంది."

"పన్నెండు గుడ్ల కేకు," అంది ఇంకో గొంతు. "గుడ్లకేం, చవకే కదా."

అది దుకాణం నడిపే మిర్టిల్ ప్లాట్. నువ్వూ ఉన్నావా అని ఇద్దరూ ఒకేసారి అడిగారు. ఉన్నానంది మిర్టిల్, ఏ సిగ్గూ లేకుండా. తను కూడా ఆ కాఫీకి వెళ్లినట్టు రాయమంది. పౌండు డాలరూ పదిహేను సెంట్లకు అమ్మి అందరితో తిట్లు తింటున్నదాన్ని, కాగితం మీదైనా ఒక కప్పు ఊరికే తాగనివ్వండి అంది.

నాకు రాయడానికి చేతులు చాలలేదు. లీనాను తిరిగి ఇంటిదాకా కారులో ఎవరు దించారో తేల్చుకోవడానికే చాలాసేపు పట్టింది. తర్వాత వాళ్లు నన్ను మరిచిపోయారు. లీనా మోకాలి నొప్పి గురించి, గెర్డా కొడుకు సైన్యంనుంచి వచ్చాక భోజనం దగ్గర ఒక్క మాటా మాట్లాడకపోవడం గురించి, మిర్టిల్‌కు వచ్చిన చెడ్డ కల గురించి మాట్లాడుకున్నారు. గెర్డా కొంచెం ఏడ్చింది. లీనా ఆమెను ఓదార్చక, కుస్తీలో ఎవరు గెలిచారో వెళ్లి చూసిరమ్మంది. గెర్డా ఏడుస్తూనే నవ్వింది. ఫోను పట్టుకుని పట్టుకుని నా చెవి మండిపోయింది.

నేను వంటింట్లోకి వచ్చేసరికి అమ్మ లేచి ఉంది. చెంప మీద కోటు గుండీ అచ్చు పడింది. కాగితం ఇచ్చాను. పద్దెనిమిది వరుసలు. అమ్మ దాన్ని కూడా లైటుకేసి పట్టి చదివింది.

"లీనా ఆదివారం గెర్డా ఇంటికి వెళ్లిందా?"

"లేదు."

"మిర్టిల్?"

"లేదు."

పెన్సిలు అడిగి తీసుకుంది. మెల్లగా, ఒక్కొక్క వరుసా కొట్టేసింది. బ్రెక్కె వాళ్ల టెలివిజను బాగుచేయించడం, చర్చి పైకప్పుకు మరమ్మతు, ఇలా అయిదు వరుసలు మిగిలాయి. వాళ్లే రాయమన్నారని నేను గొణిగాను. అమ్మకు కోపం రాలేదు. ఇన్నేళ్లలో జరగనిది ఒక్కటి రాయలేదు, ఇప్పుడు రాయడానికి ఓపిక కూడా లేదు అంది.

"జరిగింది ఏదైనా ఉంటే రాయి. లేకపోతే ఉన్నదే పంపు."

అమ్మ సూపు తాగుతుంటే నేను ఎదురుగా కూర్చుని ఇంకో కాగితం తీసుకున్నాను. ఇలా రాశాను: "సోమవారం సాయంత్రం మిసెస్ గెర్డా బ్రెక్కె, మిసెస్ లీనా టోర్సన్, మిసెస్ మిర్టిల్ ప్లాట్ టెలిఫోనులో కలుసుకుని చాలాసేపు గడిపారు. మిసెస్ టోర్సన్‌కు మోకాలి నొప్పి తగ్గలేదు. కాఫీ ధర గురించీ, కేకులో ఎన్ని గుడ్లు వేయాలన్న దాని గురించీ చర్చ జరిగింది. అందరూ సంతోషంగా ఉన్నారు." గెర్డా కొడుకు సంగతి, ఆమె ఏడవడం రాయలేదు.

అమ్మ రెండుసార్లు చదివింది. ఇది జరిగిందా అని అడిగితే జరిగిందన్నాను.

"ఫోను చేసింది ఎవరు?"

"నేను. గెర్డా గారికి."

"మరి లీనా, మిర్టిల్ ఎక్కణ్నుంచి వచ్చారు?"

నేను తల దించుకున్నాను. అమ్మ నవ్వింది. చప్పుడు లేదు, భుజాలు మాత్రం కదిలాయి. ఇది అచ్చయితే ఈ తీగ మీద మనతో మాట్లాడేవాళ్లుండరు అంది. కానీ కొట్టేయలేదు. మొత్తం ఎన్నయ్యాయని అడిగింది. పదకొండన్నాను. పెన్సిలు తీసుకుని కింద తన చేత్తో రాసింది: "ఆ సమయంలో మిసెస్ సెల్మా రూస్టాడ్ వంటింటి బల్ల దగ్గర నిద్రపోయారు."

గురువారం అది ఉన్నదున్నట్టు అచ్చయింది. టెలివిజను ప్రకటన పక్క పేజీలోకి పోయింది. ఆ రోజూ మర్నాడూ మా గంట మోగలేదు. వేరేవాళ్ల గంటలు మోగినా త్వరగా ఆగిపోయాయి.

శనివారం నన్ను దుకాణానికి పంపారు. మిర్టిల్ లెక్క చూసుకుంటూ తలెత్తలేదు. పొయ్యి పక్కన కుర్చీలో లీనా టోర్సన్ కూర్చుని ఉంది. నేను పంచదార తీసుకుని గోడవారగా జారుకోబోయాను.

"మోకాలి నొప్పని రాశావు," అంది లీనా. "ఏ మోకాలో రాయలేదేం?"

"ఏదండీ?"

"ఎడమది. వచ్చే వారం దిద్దు. ఈ సోమవారం మేం తొందరగా భోజనాలు చేసి కూర్చుంటాం, గంట ఏడింటికే తిప్పు. మన తీగ మీదే ఉన్న హొవ్‌లాండ్ వాళ్లు కూడా మాట్లాడతారట. ఇన్నేళ్లూ చెవి అరగదీసుకున్నారు, ఇక నోరు వాడనీ."

మిర్టిల్ లెక్క పుస్తకం మీదకు వంగే నవ్వింది.

నేను ఇంటిదాకా పరిగెత్తాను. అమ్మ పొయ్యి దగ్గర వేడినీళ్ల తొట్టిలో కాళ్లు పెట్టుకుని కూర్చుంది. ఊపిరాడకుండా అంతా చెప్పాను. వచ్చే వారం వరుసలకు లోటుండదనీ, ఇంక ఎప్పటికీ ఉండదనీ, ప్రెస్కాట్ గారు తీసేయలేరనీ.

"మంచిదే," అంది అమ్మ. నీళ్లలోనే ఒక పాదంతో ఇంకో పాదం రుద్దుకుంది. "ప్రెస్కాట్ ఫోను చేశాడని నువ్వు చెప్పిన రోజున, పోనీలే, సోమవారాలు పెందలాడే పడుకోవచ్చు అనుకున్నాను."

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక పంచదార పొట్లం బల్ల మీద పెట్టాను.

"నాకు చెప్పలేదేం?"

"నువ్వు అంత కష్టపడి ఫోను చేశావు. నడవలోంచి నీ గొంతు నిద్రలోనే వినపడింది. కొట్టేసినవి కొట్టేశాను కానీ, ఫోను గురించి నువ్వు రాసింది కొట్టేయబుద్ధి కాలేదు." కళ్లు మూసుకుంది. "ఇక నువ్వే చెయ్యి ఆర్డిస్. నీ పేరే వేయమని చెబుతాను."

ఫోనులో మాట్లాడటం నావల్ల కాదన్నాను. అమ్మ కళ్లు తెరవకుండానే, నావల్ల మాత్రం ఏమవుతోంది అంది.

ఎప్పట్నుంచి విసుగొచ్చిందమ్మా నీకు అని అడగాలనిపించింది. పదకొండేళ్లలో ఏ ఏడు నుంచి అని. అడగలేదు. నీళ్లలో వేలు పెట్టి చూశాను, చల్లారిపోయాయి. కెటిల్‌లో మిగిలిన వేడినీళ్లు తెచ్చి, అమ్మ కాళ్లకు తగలకుండా తొట్టి అంచువెంట పోశాను. సోమవారం ఏడింటికి ముందే గిన్నెలు కడిగేయాలి.