వెనక గది

బడి తెరిచే ముందురోజు లెక్కల టీచరు స్టాఫ్‌రూమ్‌లో అడుగు పెట్టగానే అందరి మాటలూ ఆగిపోయాయి. ఆ వెంటనే అందరూ నవ్వు ముఖాలు పెట్టారు. ఆ నవ్వులే ఆమెకు నచ్చలేదు.

సెలవుల్లో ఆమె మనసు ఒకచోట నిలవలేదు. ఓ పూట "ఇక చాలు, మానేస్తా" అనుకునేది. మర్నాడు బజారులో రంగు సుద్దముక్కలు కనిపిస్తే పెట్టె కొనేసేది. కిందటేడు పిల్లలు ఆమె ప్రాణం తోడేశారు. అంత గోల చేసే తరగతిని తన ఉద్యోగంలో ఎన్నడూ చూడలేదు. ఏదైనా అడిగితే చాలు, పైకప్పు ఎగిరిపోయేలా జవాబు అరిచేవారు.

"మీ గది మార్చామండీ," అంది హెడ్‌మిస్ట్రెస్ దగ్గరికొచ్చి. "వెనకవైపుది. ప్రశాంతంగా ఉంటుంది."

"నా గదికేం వచ్చింది?"

"సైన్సుకి కొత్తగా చేరిన అమ్మాయికి ఇచ్చాం."

కిటికీ దగ్గరున్న కొత్త టీచరు గబుక్కున తల దించుకుంది. లెక్కల టీచరుకు విషయం బోధపడింది. పొగబెడుతున్నారన్నమాట!

వెళ్లి చూస్తే వెనక గది చిన్నది. బల్లలు వరుసల్లో లేవు, టీచరు కుర్చీ చుట్టూ అర్ధచంద్రంలా వేసి ఉన్నాయి. కిటికీలకు దుప్పట్లంత మందం పరదాలు. ఈ ఏడు గది, వచ్చే ఏడు ఏకంగా ఉద్యోగమేనేమో అనుకుంది.

ఇంటికెళ్లి భర్త ముందు కడుపులో ఉన్నదంతా కక్కేసింది. కూరగాయలు తరుగుతూ ఆయన ఏదో అన్నాడు.

"మీరూ గొణుగుడేనా? ఏం మాట్లాడినా నోరు తెరిచి మాట్లాడండి!"

ఆయన కత్తి పక్కన పెట్టి ఆమె ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "ఏం లేదులే," అన్నాడు చివరికి.

ఈయనకూ ఏదో తెలుసు!

మర్నాడు అందరికంటే ముందే బడికి బయల్దేరింది. మెట్లెక్కి తన పాత గది గుమ్మంలో నిలబడి లోపలికి చూస్తుంటే, కొత్త టీచరు ఆయాసపడుతూ పక్కకి వచ్చింది.

"ఎవర్ని పట్టుకున్నావమ్మా ఈ గది కోసం?"

ఆ అమ్మాయి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేనడగలేదక్కా. ఆ మాట చెబుదామనే మెట్ల కింద నుంచి పిలుస్తూ వస్తున్నా. మీరు వెనక్కి చూడనేలేదు."

"ఎప్పుడు పిలిచావు?"

"ఇప్పుడే. ఇక్కడిదాకా పిలుస్తూనే వచ్చా."

లెక్కల టీచరు ఇంకో మాట అనబోయేలోగా హెడ్‌మిస్ట్రెస్ వచ్చింది. కొత్తమ్మాయిని పంపేసి, ఆమెను గదిలోకి తీసుకెళ్లి తలుపు మూసింది.

"తప్పు నాదే. ముందే చెప్పాల్సింది, నోరు రాలేదు. కిందటేడు మీ పిల్లలు ఎందుకు అరిచేవాళ్లో తెలుసా? ఒకసారి కోప్పడదామని పిలిచాను. 'మెల్లగా చెబితే మా టీచరుకి వినబడదండీ. మళ్లీ మళ్లీ అడగాల్సొస్తే ఆవిడ ముఖం చిన్నబోతుంది,' అన్నారు. ఇక్కడ రోడ్డు మోత ఎక్కువ. అందుకే గది మార్చి, మోత రాకుండా పరదాలు వేయించాను."

లెక్కల టీచరు కుర్చీలో కూలబడింది. ముందు కోపం వచ్చింది. అందరికీ తెలుసు, తనకు తప్ప! తర్వాత, అందరికంటే గట్టిగా అరిచే పిల్లను ఎన్నిసార్లు గుమ్మం బయట నిలబెట్టిందో గుర్తొచ్చింది. ఇక కోపానికి చోటు లేకపోయింది.

"నన్ను మానిపించరుగా?" అంది మెల్లగా.

"మీరు మానేస్తానన్నా ఒప్పుకోను. కానీ చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాలి."

గంట కొట్టాక వెనక గదిలో కొత్త పిల్లల ఎదుట నిలబడింది. "నాకు సరిగా వినబడదు. నావైపు చూసి మాట్లాడండి," అని చెప్పేసింది. చెప్పడం అనుకున్నంత కష్టం కాలేదు.

చివరి బల్ల దగ్గర ఒకడి పెదాలు కదిలాయి. పక్కవాడు కిసుక్కున నవ్వాడు. ఆమె వాడివైపు తిరిగింది.

"ఏమన్నావు? చెప్తే నేనూ నవ్వుతాగా."

వాడు లేచి, ఆమెకేసి తిరిగి, ఒక్కో మాటా విడగొట్టి చెప్పాడు. "మా తాతకీ ఇంతేనండీ. నీళ్లడిగితే వేళ్లు చూపిస్తాడు."

తరగతంతా గొల్లుమంది. ఆమె కూడా నవ్వింది. వాడు మొదట అన్నది ఆ మాటేనా అనే అనుమానం మాత్రం పూర్తిగా పోలేదు. సుద్దముక్క తీసుకుని, వాళ్లకు వీపు తిప్పే ముందు ఓ క్షణం ఆగింది. తర్వాత బోర్డు వైపు తిరిగింది.